టర్బో కడిగినా నల్ల పొగ ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: షిప్‌లో జూనియర్ ఇంజినీర్‌ని సార్. నెల రోజులుగా మెయిన్ ఇంజిన్‌లో అన్ని సిలిండర్ల ఎగ్జాస్ట్ టెంపరేచర్లూ మెల్లగా ఎక్కుతున్నాయి, స్కావెంజ్ ప్రెషర్ (సిలిండర్లలోకి వెళ్లే గాలి ఒత్తిడి) పడిపోతోంది, పొగ నల్లగా ఉంది. లోడ్ బాగా తగ్గించి టర్బో (ఎగ్జాస్ట్ గ్యాస్‌తో టర్బైన్ తిరిగి, దాంతో బ్లోయర్ తిరిగి ఇంజిన్‌కి గాలి నొక్కే టర్బోచార్జర్) బ్లోయర్ సైడ్, అంటే గాలి వైపు, వాటర్ వాష్ చేశాం, ఏం తేడా రాలేదు. ఎక్కడ తప్పు చేశాం?

జవాబు: తప్పు ఆ లోడ్ దగ్గరే జరిగిందండీ. చాలామంది నీళ్లు మురికిని కరిగిస్తాయి అనుకుంటారు, కాదు, బ్లోయర్ సైడ్‌లో నీటి చుక్కలు వేగంగా తిరిగే వీల్‌కి తగిలి ఆ దెబ్బకి మురికిని ఊడగొడతాయి, అందుకే ఇంజిన్ ఫుల్ లోడ్‌లో ఉన్నప్పుడే చెయ్యాలి, మెల్లగా తిరిగేటప్పుడు పోస్తే ఫలితం ఉండదు. మంచినీళ్లే వాడాలి, సముద్రపు నీళ్లు వద్దే వద్దు. మాన్యువల్‌లో చెప్పినంతే, కొన్ని సెకన్లలో అయిపోవాలి, హోస్ పెట్టి వదిలేయకండి.

టర్బైన్ సైడ్‌కి, అంటే ఎగ్జాస్ట్ గ్యాస్ వైపుకి, మాత్రం అంతా రివర్స్. వాటర్ వాష్‌కి లోడ్ తగ్గించి, టర్బైన్ ముందు గ్యాస్ టెంపరేచర్ మాన్యువల్ లిమిట్‌కి దిగేదాకా ఆగాలి, ఎందుకంటే బాగా వేడెక్కిన నాజిల్ రింగ్ (గ్యాస్‌ని టర్బైన్ బ్లేడ్ల మీదికి మళ్లించే రింగ్) మీద నీళ్లు పడితే పగుళ్లు వస్తాయి. డ్రెయిన్ నిజంగా తెరుచుకుందా, నీళ్లు బయటికొస్తున్నాయా కళ్లతో చూసుకోండి. నీళ్లు తేటగా వచ్చాక కాసేపు అదే లోడ్‌లో ఆరనిచ్చి అప్పుడు పెంచండి. వాల్‌నట్ పెంకుల పొడితో చేసే డ్రై వాష్‌కైతే లోడ్ తగ్గించక్కర్లేదు.

ఇంకో మాట, ఒక్క సిలిండర్‌లోనే పెరిగితే ఇంజెక్టరో ఎగ్జాస్ట్ వాల్వో అనుకోవచ్చు, అన్నిట్లో పెరిగిందంటే ముందు గాలి చాలట్లేదేమో చూడాలి. కాబట్టి టర్బో ఒక్కదాన్నే పట్టుకోకండి. టర్బో గాలి పీల్చే ఫిల్టర్‌కి, నొక్కిన గాలిని చల్లబరిచే ఎయిర్ కూలర్‌కి ఉన్న మానోమీటర్ (ప్రెషర్ తేడా చూపే మీటర్) రీడింగులు తీసి, ఇంజిన్ శుభ్రంగా ఉన్నప్పుడు ఇదే లోడ్‌లో ఎంతుండేవో లాగ్‌బుక్‌లో చూసి పోల్చండి, లోడ్ వేరైతే ఆ పోలికకి అర్థం లేదు. కూలర్‌కి అటూ ఇటూ ప్రెషర్ తేడా పెరిగితే ఫిన్నుల మధ్య జిడ్డు పట్టేసిందన్నమాట, ఇంజిన్ ఆపాక కెమికల్‌తో కడగాలి, ఆ కెమికల్ స్కావెంజ్ స్పేస్‌లోకి (సిలిండర్లకి గాలి వెళ్లే చోటులోకి) పోకుండా చూసుకోవాలి.

ఫిల్టర్ ఫెల్ట్ వేలితో తాకి చూడండి. నూనె తడి ఉంటే ఇంజిన్ రూమ్ గాలిలోనే ఆయిల్ మిస్ట్ ఉంది, పొడి మసి ఉంటే టర్బో సక్షన్ దగ్గర్లో ఎగ్జాస్ట్ లీకవుతూ ఉండొచ్చు. నాకు తెలిసి చాలాచోట్ల ఈ పని ఎవరూ చెయ్యరు, వారం వారం కడుగుతూనే ఉంటారు, ఆ లీకు ఆపకపోతే ఎన్నిసార్లు కడిగినా మళ్లీ అదే.

నెల రోజుల మురికి గట్టిపడి ఉంటే వాష్‌తో ఒకవైపే ఊడి రోటర్ (టర్బోలో తిరిగే భాగం) బ్యాలెన్స్ తప్పొచ్చు, వైబ్రేషన్ మొదలవ్వొచ్చు. అలా జరిగితే ఇంకోసారి వాష్ చేసి చూడండి, అప్పటికీ తగ్గకపోతే ఇక నడపొద్దు, చీఫ్ ఇంజినీర్ గారికి చెప్పి పోర్ట్‌లో టర్బో విప్పించి చేత్తోనే క్లీన్ చేయించండి.