ముందు ఆ పెళ్లి ఆల్బమ్ తీయండి

ప్రశ్న: మేం నలుగురు మిత్రులం, శ్రీకాకుళం జిల్లా వాళ్లం. 1989లో కలకత్తా ఫుట్‌పాత్‌ల మీద నిద్రపోతున్న 13 మందిని తల మీద రాయి వేసి చంపిన ‘స్టోన్‌మ్యాన్’ ఎవరో నేటికీ తేలలేదు. మూడేళ్లుగా పాత పేపర్లు తిరగేసి, తేదీల పట్టిక వేసి, 14 ఆధారాలు కూర్చాం. అవన్నీ మాలో ఒకడి మేనమామనే చూపిస్తున్నాయి. ఆయన అప్పుడక్కడ గోడౌన్ వాచ్‌మన్. ఆ ఏడాది చివర పని మానేసి ఊరికొచ్చేశాడు, హత్యలూ ఆగిపోయాయి. 2011లో ఒక రాత్రి తాగి ‘ఆ రాళ్ల సంగతి నాకు తెలుసు’ అని మేనల్లుడితో అన్నాడు. ఇక్కడి పోలీసులకు చెబితే నవ్వి పంపేశారు. చచ్చిపోయిన ఆ దిక్కులేని వాళ్లను తలుచుకుంటే మాకు నిద్ర పట్టడం లేదు. ఇన్నేళ్ల తర్వాత కేసు చెల్లుతుందా? మళ్లీ మందు పోయించి ఆయన మాటలు రికార్డు చేస్తే పనికొస్తుందా? ఆయన తాగిన టీ గ్లాసును ప్రైవేటు ల్యాబ్‌లో డీఎన్‌ఏ పరీక్షకు ఇవ్వొచ్చా? వచ్చే నెల వీడియో పెట్టబోతున్నాం.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు పంపిన 11 పేజీల్లో విషయం తేల్చేవి ఏడో పేజీ అడుగున ఉన్న రెండు లైన్లు. ‘1989 శ్రావణంలో చెల్లెలి పెళ్లికి ఊరొచ్చాడు. మా పట్టికలో ఒక హత్య ఆ రోజుల్లోనే పడింది, బహుశా అది వేరేవాళ్ల పని అయ్యుంటుంది’ అని రాసి పేజీ తిప్పేశారు. మీ 14 ఆధారాలూ ఒక ఎత్తు, ఈ రెండు లైన్లూ ఒక ఎత్తు.

చెల్లెలంటే మీ మిత్రుడి తల్లే కదా. తండ్రి లేడు కాబట్టి ఆ పెళ్లిలో అన్నా వదినలే పీటల మీద కూర్చుని, కాళ్లు కడిగి కన్యాదానం చేశారని మూడో పేజీలో మీరే రాశారు. పది రోజుల ముందొచ్చి, పదహారు రోజుల పండగ అయ్యాకే బయల్దేరాడనీ రాశారు. అంటే దాదాపు నాలుగు వారాలు ఊళ్లోనే ఉన్నాడు. హౌరాకు ఒక రాత్రి ప్రయాణమే, మధ్యలో వెళ్లొచ్చి ఉంటాడు అని మీరనొచ్చు. అనాలంటే చూసిన మనిషి కావాలి, లేదా కాగితం కావాలి. మీ దగ్గర రెండూ లేవు.

13 హత్యలూ ఒకే చేతి పని అంటారా? ఆ ఒక్క హత్య నాడు ఆయన పందిట్లో ఉంటే మిగతా 12 కూడా ఆయన మీద నుంచి జారిపోతాయి. ఒకే చేతి పని కాదంటారా? అప్పుడు ‘అన్నీ ఒకే తీరు’ అన్న మీ పట్టికకు విలువ లేదు, ఏ హత్యకు ఆ హత్య విడిగా రుజువు కావాలి. ఏడాదిలోపు జరిగిన ఒకే రకం నేరాలను ఐదు దాకా కలిపి విచారించడానికి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, క్రిమినల్ కేసుల దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే చట్టం) 242వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కానీ కలిపి విచారించినంత మాత్రాన ఒకదాని రుజువు ఇంకోదానికి అతుక్కోదు.

మూడేళ్లు తవ్వామంటున్నారు. మీ మిత్రుడి ఇంటి బీరువా మాత్రం తెరవలేదు. శుభలేఖ మీద ముహూర్తం తేదీ ఉంటుంది. ఫొటోల్లో ఆయన ఉంటాడు. చదివింపుల పుస్తకంలో ఎవరొచ్చారో వరుసగా ఉంటుంది. మూడేళ్లలో మీరు చూడవలసిన మొదటి కాగితాలు ఇవి. వాటిని వదిలేసి తీర్పు ముందే రాసుకున్నారు, తర్వాత దానికి సాక్ష్యం వెతికారు.

ఇంకో తప్పు కూడా ఉంది. మీ పట్టికలోవి పేపర్ల తేదీలు. హత్య అర్ధరాత్రి జరుగుతుంది, శవం తెల్లారాక కనిపిస్తుంది, వార్త మరునాటి పేపర్లో వస్తుంది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే మీరు కూర్చిన ‘ఆ రాత్రి ఆయన డ్యూటీలో లేడు’ అన్నవి కూడా తారుమారవుతాయి. హత్య ఏ రాత్రి జరిగిందో తెలియాలంటే ఎఫ్‌ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు చూడాలి. పేపరు కటింగ్ చాలదు.

ఇక సాందర్భిక సాక్ష్యం, అంటే కళ్లారా చూసినవాళ్లు లేనప్పుడు చుట్టూ ఉన్న సంగతులతో కూర్చే సాక్ష్యం సంగతి. 1952లో హనుమంత్ కేసులోనూ, 1984లో శరద్ బిర్ధీచంద్ శారదా కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పిన కొలతే నేటికీ కొలత. ప్రతి సందర్భమూ ముందు విడిగా పూర్తిగా రుజువు కావాలి. ‘అయ్యుండొచ్చు’ చాలదు, ‘అయ్యే తీరాలి’. అన్నీ కలిపితే నిందితుడి వైపు తప్ప మరో వైపు చూపించకూడదు. గొలుసులో ఒక్క లంకె ఊడినా అంతే. ఈ కొలత పెట్టి చూస్తే మీ 14లో తొమ్మిది చెప్పేది ఒక్కటే: ఆయన అప్పుడు కలకత్తాలో ఉన్నాడు, రాత్రిళ్లు మేలుకుని ఉన్నాడు, ఒంట్లో బలముంది. ఒకే మాటను తొమ్మిది రకాలుగా రాస్తే తొమ్మిది ఆధారాలు కావు. అదే మాట ఆ ఊళ్లో వేలమంది కూలీలకూ, కాపలాదారులకూ వర్తిస్తుంది. బొంబాయిలో సయాన్, కింగ్స్ సర్కిల్ వైపు అంతకుముందు ఇలాగే జరిగిన హత్యలకు కూడా ఆయన్నే ముడిపెట్టారు. ఆ రెండింటికీ సంబంధం ఉందని పోలీసులే తేల్చలేదు. అక్కడ బతికి బయటపడ్డ హోటల్ వెయిటర్ కూడా చీకట్లో మనిషిని సరిగా చూడలేదు.

‘ఆయన వెళ్లాక ఆగాయి’ అన్నది మీకు బాగా నచ్చిన ఆధారం. హత్యలు మొదలయ్యాక కలకత్తా పోలీసులు రాత్రి గస్తీ పెంచారు, అనుమానం వచ్చినవాళ్లను పట్టుకెళ్లి ప్రశ్నించారు. హంతకుడు భయపడి ఆపి ఉండొచ్చు, చచ్చిపోయి ఉండొచ్చు, వేరే కేసులో జైల్లో పడి ఉండొచ్చు. వీటన్నిటినీ కొట్టేయగలిగితేనే మీ లంకె నిలుస్తుంది. కాలిఫోర్నియాలో 1968-69లో ‘జోడియాక్’ అని పేరు పెట్టుకున్న హంతకుడి కేసులో అనుమానితుడైన ఆర్థర్ లీ అలెన్ మీద ఇంతకంటే ఎక్కువ ఆధారాలు పోగయ్యాయి, చేతికి జోడియాక్ కంపెనీ వాచీతో సహా. పోలీసులు ఆయన ఇల్లు సోదా చేశారు. అయినా 1992లో చనిపోయేదాకా కేసు పెట్టలేకపోయారు. తర్వాత హంతకుడు పేపర్లకు రాసిన ఉత్తరాల స్టాంపు మీద దొరికిన పాక్షిక డీఎన్‌ఏ ఆయనతో సరిపోలేదు.

తాగినప్పుడు అన్న మాట చూద్దాం. ‘ఆ రాళ్ల సంగతి నాకు తెలుసు.’ 1989లో అక్కడ రాత్రి డ్యూటీ చేసిన ఏ వాచ్‌మన్‌కు తెలియదు? ‘నేను చేశాను’ అన్నది అందులో లేదు. ఉన్నా, మేజిస్ట్రేట్ దగ్గర కాకుండా బయట అన్న ఒప్పుకోలును కోర్టులు బలహీన సాక్ష్యంగానే చూస్తాయి. చెవులారా విన్నది మేనల్లుడొక్కడే కాబట్టి, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 55వ సెక్షన్ ప్రకారం బోనెక్కి చెప్పాల్సిందీ అతనే. మిగతా ముగ్గురూ చెప్పేది విన్నమాట, చెల్లదు. పైగా ఆరు సెంట్ల ఇంటిస్థలం మీద అతని తల్లికీ ఈ మేనమామకూ కోర్టులో దావా నడుస్తోందని పదో పేజీలో ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న అదే వస్తుంది. రెండోది: 2011లో వింటే ఇన్నాళ్లూ ఎందుకు నోరు విప్పలేదు?

మందు పోయించడం మానండి. తాగి ఉన్నాడనో, మోసంతో చెప్పించారనో ఒక్క కారణంతోనే ఒప్పుకోలును తోసేయకూడదని అదే చట్టంలోని 22వ సెక్షన్ అంటుంది, నిజమే. కానీ తోసేయకపోవడం వేరు, నమ్మడం వేరు. గ్లాసు నింపుతూ మీరు అందించిన మాట ఆయన తిరిగి అంటే, దాన్ని నమ్మే జడ్జి ఉండడు. రికార్డింగ్ చెల్లాలంటే 63వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) రాయాలి, నిపుణుడి సంతకమూ ఉండాలి. వాట్సాప్‌లో చేతులు మారిన క్లిప్పు దేనికీ కొరగాదు.

టీ గ్లాసు మీద ఉమ్మి దొరుకుతుంది, సరే. దాన్ని దేనితో పోలుస్తారు? 2018లో కాలిఫోర్నియాలో వరుస హంతకుడు జోసెఫ్ డీఏంజెలో దొరికాడంటే, దశాబ్దాల నాటి అత్యాచార కేసుల నమూనాలు అక్కడ భద్రంగా ఉండబట్టి. అతని కారు తలుపు పిడి మీద నుంచీ, చెత్తలోని టిష్యూ కాగితం నుంచీ నమూనా తీసింది కూడా డిటెక్టివ్‌లే. 1989 అంటే, మన దేశంలో డీఎన్‌ఏ పరీక్ష హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ చేతుల మీదుగా అప్పుడప్పుడే కోర్టు మెట్లెక్కుతున్న రోజులవి. ఫుట్‌పాత్ రాయి మీద చేతి చర్మకణాలు తీసి దాచి ఉంటారని ఆశ పెట్టుకోకండి. గ్లాసు కోసం ఆయన ఇంట్లో దొంగచాటుగా దూరితే మాత్రం అతిక్రమణ కేసు మీ మీదే.

లిమిటేషన్ అడిగారు. హత్యకు కాలపరిమితి లేదు. బీఎన్‌ఎస్‌ఎస్ 514వ సెక్షన్ గడువు పెట్టింది మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకే. 1989 నేరం కాబట్టి పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 302వ సెక్షనే వర్తిస్తుంది.

ఇక వీడియో. ససేమిరా వద్దు. ముఖం మసక చేసినా, ‘అనుమానితుడు’ అన్నా, ఊరివాళ్లు గుర్తుపడితే అది పరువు నష్టమే. భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. క్రిమినల్ ఫిర్యాదుకు ఆయనకు మూడేళ్లు, సివిల్ దావాకు ఏడాది గడువు ఉంటుంది. ‘నిజమే చెప్పాం’ అని తప్పించుకోవాలంటే ఆ నిజం రుజువు చేయాల్సింది మీరు. 37 ఏళ్లుగా కలకత్తా పోలీసుల వల్ల కానిది మీరు శ్రీకాకుళంలో రుజువు చేయాలన్నమాట. అదే మాటను చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్లకు సద్భావంతో చెబితే అదే సెక్షన్‌లోని ఎనిమిదో మినహాయింపు మిమ్మల్ని కాపాడుతుంది. సద్భావం అంటే చట్టంలో తగిన జాగ్రత్త తీసుకోవడం. పెళ్లి సంగతి దాచి మిగతాది పంపితే ఆ రక్షణ పోతుంది.

కాబట్టి ఈ వరుసలో పని చేయండి. ముందు శుభలేఖ, ఆల్బమ్, చదివింపుల పుస్తకం. తర్వాత కోల్‌కతా పోలీసులకు సమాచార హక్కు దరఖాస్తు, రుసుం పది రూపాయలు. 13 హత్యల ఎఫ్‌ఐఆర్ నంబర్లు, స్టేషన్, ఘటన తేదీ, తుది నివేదికల ప్రతులు అడగండి. ‘ఎందుకు పట్టుకోలేదు’ లాంటి ప్రశ్నలు రాయకండి, ఉన్న రికార్డు ప్రతులే ఇస్తారు. ఫైళ్లు ధ్వంసం చేసి ఉంటే ఆ ఉత్తర్వు ప్రతి అడగండి. దర్యాప్తుకు అడ్డం అని తిరస్కరిస్తే సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(3) చూపండి. ఇరవై ఏళ్లు దాటిన ఘటన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

ఆ కాగితాలతో పెళ్లి తేదీలు సరిచూశాక కూడా అనుమానం మిగిలితే కోల్‌కతా పోలీసు ప్రధాన కార్యాలయం లాల్‌బజార్‌లోని డిటెక్టివ్ విభాగానికి స్పీడ్ పోస్టులో అర్జీ పంపండి. కేసులు అప్పుడే నమోదయ్యాయి కాబట్టి కొత్త ఎఫ్‌ఐఆర్ అడగొద్దు, బీఎన్‌ఎస్‌ఎస్ 193వ సెక్షన్ తొమ్మిదో ఉపసెక్షన్ కింద తదుపరి దర్యాప్తు అడగండి. ఆయనకు అనుకూలమైనవీ ప్రతికూలమైనవీ రెండూ రాయండి, స్థలం దావాతో సహా. మేనల్లుణ్ని నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరకు తీసుకెళ్లి వాంగ్మూలం ఇప్పించే ఆలోచన వద్దు. దర్యాప్తు అధికారి పంపని సాక్షి వాంగ్మూలం మేజిస్ట్రేట్ తీసుకోకూడదని 1999లో జోగేంద్ర నాహక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ వారంలోనే చేయాల్సింది ఒకటుంది. మేనల్లుడు 2011 నాటి మాటను తన చేత్తో కాగితం మీద పెట్టి, ఈనాటి తేదీ వేసి సంతకం చేయాలి. ఎక్కడ, ఎవరెవరున్నారు, ముందు వెనక ఏం మాట్లాడుకున్నారు అన్నీ రాయాలి. అది రాస్తున్నప్పుడు మీరు ముగ్గురూ ఆ గదిలో ఉండకండి.