తటపటాయిస్తున్నది ఎవరు?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. అమెరికాలో ఎం.ఎస్. కోసం జీఆర్ఈ ప్రవేశ పరీక్ష శిక్షణలో చేర్పించాను. రోజుకు ముప్పై పదాలు బట్టీ పడుతున్నాడు. హెజిటేట్, వేవర్, వాసిలేట్, రిలక్టెంట్, డిఫిడెంట్, ఈక్వివొకేట్... అన్నింటికీ ‘సందేహించుట’ అనే రాసుకున్నాడు. నమూనా పరీక్షల్లో సరిగ్గా ఇవే తప్పుతున్నాయి. శిక్షణ కేంద్రం మార్చాలా? లేక జీఆర్ఈ మానిపించి, ఇక్కడే ఎంటెక్ కోసం గేట్ పరీక్ష రాయించాలా? ఆరు నెలలుగా తేల్చుకోలేకపోతున్నాం. రెండింటినీ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పోలికకు తరువాత వస్తాను. ముందు ఆ నోటు పుస్తకం సంగతి చూద్దాం.

అబ్బాయి ఒకే అర్థం రాసుకున్న ఆ పదాలకు తెలుగులో ఎప్పటినుంచో వేరువేరు మాటలున్నాయి. హెజిటేట్ అంటే వెనుకాడటం, చేయబోయి ఆగడం. దాని లాటిన్ మూలానికి అతుక్కుపోవడం అని అర్థం, బురదలో దిగబడ్డ బండి చక్రంలా. వాసిలేట్ మూలం ఊగడం. మన ఊగిసలాట అచ్చంగా అదే. వేవర్ కూడా ఆ గూటి పక్షే. రిలక్టెంట్ అలా కాదు. అక్కడ సందేహమే లేదు, ఇష్టం లేదంతే. ఎదురు పెనుగులాడటం అనే అర్థం నుంచి పుట్టిన మాట అది. డిఫిడెంట్‌ది జంకు, తన మీద తనకు నమ్మకం లేకపోవడం. ఈక్వివొకేట్ చేసేవాడికి విషయం బాగా తెలుసు. కావాలనే పామూ చావకుండా కర్రా విరగకుండా మాట్లాడతాడు. ఇక ప్రొక్రాస్టినేట్‌లో దాగి ఉన్నది ‘రేపు’ అనే లాటిన్ మాట. మనం నాన్చడం అంటాం. మన మొహమాటానికి మాత్రం ఇంగ్లిష్‌లో సరిజోడు నాకు ఇంతవరకు దొరకలేదు.

జీఆర్ఈలో ఆరు పదాలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండింటిని ఎంచుకోమనే ప్రశ్న ఉంటుంది. ఒకటి సరై ఒకటి తప్పితే మార్కు రాదు. వేవర్, వాసిలేట్ జత కుదురుతాయి. వాటి పక్కన హెజిటేట్‌ను కూర్చోబెడితే చాలాసార్లు వాక్యం చెడుతుంది. అన్నింటికీ ఒకే అర్థం రాసుకున్నవాడు ఏ శిక్షణ కేంద్రంలో కూర్చున్నా ఇక్కడే జారిపడతాడు. 2011కు ముందు వ్యతిరేక పదాల ప్రశ్నలు ఉండేవి కాబట్టి జాబితాల బట్టీ కొంత పనికొచ్చేది. ఆ ప్రశ్నలు పోయాయి, జాబితాలు మాత్రం మిగిలాయి. కాబట్టి కేంద్రం మార్చకండి. రోజుకు ఎనిమిది పదాలు చాలు, ప్రతి పదానికీ తన సొంత వాక్యం ఒకటి రాయమనండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘చేర్పించాను, మార్చాలా, మానిపించి, రాయించాలా.’ అన్ని క్రియలూ మీవే. అబ్బాయి చేస్తున్నది బట్టీ ఒక్కటే. ఆరు నెలలుగా మీనమేషాలు లెక్కిస్తున్నది ఎవరండీ? వాడిది ఊగిసలాటా, జంకా, అసలు ఇష్టమే లేకపోవడమా అని మీరు ఒక్కసారైనా అడిగినట్లు ఉత్తరంలో కనబడలేదు. మూడింటికీ మందు వేరు. ఊగిసలాడేవాడికి సమాచారం కావాలి. జంకేవాడికి పక్కన ఒక మనిషి కావాలి. ఇష్టం లేనివాడికి ఆ మాట పైకి అనే చనువు ఇంట్లో దొరకాలి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది మూడో రకమే. నాన్న ఎదుట మొహమాటం, బయటికి వచ్చాక నాతో గంటసేపు మాటలు.

ఎం.ఎస్. మీద నాకున్న అనుమానాలు కూడా చెప్పాలి. వీధిలో నలుగురు వెళ్లారని ఐదోవాడిని పంపే రోజులు కావివి. చదువు ముగిశాక విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతి (ఓపీటీ) కింద ఒక ఏడాది, సాంకేతిక కోర్సులకైతే మరో రెండేళ్లు. ఆ తరువాత హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ. ఏటా కోటా 65,000, అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20,000. పేరు రాకపోతే ఎంత తెలివైనవాడైనా పెట్టె సర్దుకోవాల్సి రావచ్చు. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చే తండ్రి ఈ లెక్క కాగితం మీద వేయాలి. వేయమంటే చాలామంది ‘మావాడికి వస్తుందిలెండి’ అంటారు. అది లెక్క కాదు. పైగా 2020 తరువాత చాలా అమెరికా విశ్వవిద్యాలయాలు జీఆర్ఈ తప్పనిసరి అనడం మానేశాయి. మీరు అనుకున్న చోట అది అడుగుతున్నారో లేదో చూశారా?

ఇక పోలిక. గేట్‌ను మూడో సంవత్సరంలోనే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకూ అదే దారి. జీఆర్ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. ఈ ఏడాది ఒకటి రాసినంత మాత్రాన రెండోది చేజారిపోదు. వయసు ఇరవై, ఇరవై ఒకటి. మీరు భయపడుతున్నంత ఆలస్యం ఏమీ కాలేదు, నిద్ర పాడుచేసుకోకండి.

ఇంతకు మించి వివరంగా పోల్చాలంటే నాకు మరో ఉత్తరం కావాలి. ఈసారి మీరు రాయకండి. అబ్బాయినే రాయమనండి, తెలుగులోనైనా సరే. పోస్టు చేసే ముందు మీరు చదవకూడదు.