చిన్నీ, ఆ వంద మాటల గురించి

చిన్నీకి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వో కథల సంకలనానికి సారాంశాలు రాయడానికి ఒప్పుకున్నావని చెప్పింది. 30 కథలు, కథకి వంద మాటలు, నెలన్నర గడువు. విని మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. "వంద మాటలేగా అక్కా, ఎంతసేపు!" అంది మీ అమ్మ. దానికేం తెలుసు! వెయ్యి మాటలు రాయమని ఉంటే నాకింత టెన్షన్ ఉండేది కాదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. కథ రెండుసార్లు చదువు. మొదటి డ్రాఫ్ట్ పుస్తకం మూసి రాయి, పేర్లూ వరసలూ పుస్తకం తెరిచి సరిచూసుకో. "వచ్చాడు" అని మొదలుపెట్టి మధ్యలో "వెళ్తాడు"లోకి జారకు. సారాంశానికి వస్తాడు, చూస్తాడు, వెళ్తాడు అనే పద్ధతే నప్పుతుంది, చివరిదాకా అదే ఉంచు. బళ్లో సంక్షిప్తం అంటే మూడో వంతుకి తగ్గించమనేవారు చూడు, ఆ లెక్క మర్చిపో. 1500 మాటల కథని వందకి తెచ్చేటప్పుడు అన్నీ కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే ఏదీ మిగలదు.

నువ్వు మీ అమ్మకి పంపిన నమూనా నా దాకా వచ్చింది. "ఆద్యంతం ఉత్కంఠభరితంగా సాగే ఈ కథలో రచయిత మానవ సంబంధాలను హృద్యంగా ఆవిష్కరించారు." లెక్కపెట్టావా? వందలో పది మాటలు ఖర్చయిపోయాయి, కథలోకి ఇంకా ఒక్క మనిషీ రాలేదు. ఈ వాక్యం నీ 30 కథల్లో దేనికైనా అతుకుతుంది. ఇంత చదువు చదివి ఇదేం రాతే! తీసెయ్. మిగతాది బాగానే ఉంది, ముఖ్యంగా ఆ తలుపు చప్పుడు వదలకుండా రాశావు చూడు, అది నాకు నచ్చింది.

ముగింపు చెప్పాలా వద్దా అని అడుగుతావు, నాకు తెలుసు. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' తీసుకో. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన గోపాలరావుకి భార్య కమలిని కనబడదు, ఆవిడ రాసిపెట్టిన ఉత్తరం కనబడుతుంది. చదివి కుమిలిపోతాడు. ఆవిడ మంచం కిందే ఉందన్న మాట ఎక్కడ చెప్తావు? మొదట్లోనే చెప్పేస్తే పాఠకుడు కూడా మంచం కింద దూరి గోపాలరావు పాట్లు చూసి నవ్వుకుంటాడు. చివర చెప్తే గోపాలరావుతో పాటు తనూ ఉలిక్కిపడతాడు. గురజాడ చివర పెట్టారు, నువ్వూ అక్కడే పెట్టు. కథ ఇంకా చదవని వాళ్ళ కోసమైతే ఉత్తరం దగ్గరే ఆగిపో. ఎవరి కోసం రాయాలో నీకు పని ఇచ్చినవాళ్ళని అడిగావా? అడిగి ఉండవు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఒకప్పుడు నేనో పత్రికలో నెలకో కథని పరిచయం చేసేదాన్ని, సగం పేజీ. ఓ నెల వచ్చిన కథ ఒక కొడుకు చెప్పేది. ముసలి తల్లిని తన దగ్గరికి తెచ్చుకుంటాడు. కిటికీ ఉన్న గది ఇచ్చానంటాడు, కొత్త మంచం కొన్నానంటాడు, ఆవిడకి ఏ లోటూ లేదంటాడు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి తల్లి పెట్టె సర్దుకుని మంచం మీద కూర్చుని ఉంటుంది. "ఎక్కడికమ్మా?" అని నవ్వి, ఆ పెట్టె తీసి అటక మీద పెడతాడు. అంతే కథ.

నేనేం రాశానో తెలుసా? "తల్లిని కంటికి రెప్పలా చూసుకునే కొడుకు కథ. వయసు మీద పడ్డ ఆమె చాదస్తాన్ని కూడా నవ్వుతూ భరిస్తాడు." ఎడిటర్ ఒక్క అక్షరం మార్చకుండా వేశారు. నేను పొంగిపోయాను.

మీ అమ్మమ్మ అప్పటికి రెండేళ్లుగా మా ఇంట్లోనే ఉంటోంది. ఆ సంచికలోనే కథా ఉంది, నా సగం పేజీ కూడా ఉంది. రెండూ చదివి, కళ్ళజోడు తీసి పత్రిక మీద పెట్టి, "ఆవిడ ఒక్కసారి కూడా మాట్లాడలేదేమే?" అంది.

"ఎవరు?" అన్నాను.

"ఆ తల్లి."

ఎనిమిది పేజీలూ వేలు పెట్టి వెతికాను. కొడుకు మాట్లాడతాడు, కోడలు మాట్లాడుతుంది, పక్కింటాయన కూడా రెండు ముక్కలంటాడు. తల్లికి ఒక్క మాట లేదు. లోటు లేదన్నది కొడుకు. ఆ మాటని వాడి నోట్లోంచి తీసుకుని, అదే నిజమన్నట్టు నేను చెప్పేశాను. పెట్టె సంగతైతే ఎత్తనే లేదు, చాదస్తం కింద కలిపేశాను.

"చూసుకుంటాడు" అనేచోట "చూసుకుంటున్నానని చెప్పుకుంటాడు" అని రాస్తే సరిపోయేది. ఒక్క మాట ఎక్కువ. మన భాషలో ఈ సదుపాయం ఎంత చవగ్గా దొరుకుతుందో చూడు: అని, అట, అంటాడు. "లోటు లేదు" వేరు, "లోటు లేదట" వేరు. ఒక్క అక్షరమే తేడా. దానికి కూడా చోటు లేదని నాతో అనకు.

అమ్మమ్మ ఇంకేం అనలేదు. నేనూ అడగలేదు. మర్నాడు ఆవిడ గదిలోకి వెళ్ళి అటక వైపు చూశాను. ఆవిడ పెట్టె అక్కడే ఉంది. పెట్టింది నేనే.

సారాంశం చదివినవాళ్ళలో సగం మంది కథ జోలికి పోరు చిన్నీ. వాళ్ళకి నువ్వు రాసిందే కథ. అందుకని ఒక్కో కథ మొదలుపెట్టే ముందు చిన్న కాగితం మీద రెండు ముక్కలు రాసుకో: ఎవరు చెప్తున్నారు, ఎవరు మాట్లాడలేదు. నీ జాబితాలో నాలుగో కథ, భార్య పోయాక భర్త చెప్పుకునేదట కదా. దాన్ని చివరికి ఉంచుకో, కాస్త చెయ్యి తిరిగాక రాద్దువుగాని.

నిద్ర మాని రాయకు. మొదటి ఐదూ అయ్యాక నాకు పంపు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. కోప్పడతాను, సిద్ధపడే పంపు.

పెద్దమ్మ