మక్కా మసీదు ఫోటోలో మినార్లు వంగినట్టు ఎందుకు వస్తాయి?

సాయంత్రం వెళ్లి తీస్తే హైదరాబాద్ మక్కా మసీదు నల్లగా వచ్చిందని, మినార్లు లోపలికి వాలాయని మీరు రాశారు. కెమెరా మార్చాలా అని అడిగారు. అక్కర్లేదండీ. నా మొదటి ఫోటోలూ అచ్చం అలాగే వచ్చాయి.

మనకు కిబ్లా, అంటే నమాజులో ముఖం తిప్పే మక్కా దిక్కు, పడమటి వైపు. అందుకే మసీదు ముఖభాగం తూర్పుకు తిరిగి ఉంటుంది. సాయంత్రం సూర్యుడు కట్టడం వెనక్కి వెళ్తాడు. వెనకాల మెరిసే ఆకాశానికి తగ్గట్టు కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, గ్రానైటు చీకటైపోతుంది. పొద్దున ఎనిమిది ప్రాంతంలో వెళ్లి చూడండి. ఏటవాలు ఎండలో అయిదు కమానుల పైనున్న పూల చెక్కడాలు ఒక్కొక్కటిగా తేలుతాయి. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టిన ఈ కట్టడం 1694లో ఔరంగజేబు హయాంలో గానీ పూర్తి కాలేదు. అన్నేళ్ల పనితనం మధ్యాహ్నపు ఎండలో చదునుగా కనిపిస్తుంది. నాకది బాధగా ఉంటుంది.

ఇక మినార్ల సంగతి. ప్రార్థనా మందిరమే సుమారు 75 అడుగుల ఎత్తు. దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే నిలువు గీతలన్నీ పైన దగ్గరకు జరుగుతాయి. ప్రాంగణంలో వీలైనంత వెనక్కి రండి. కెమెరాను తిన్నగా, కళ్ల ఎత్తున పట్టుకోండి. తెర మీద గళ్ల గీతలు పెట్టుకుంటే వంకర వెంటనే తెలుస్తుంది. అలా పట్టుకుంటే కింద నేల ఎక్కువగా వస్తుంది, రానివ్వండి. అక్కడే పావురాలు ఉంటాయి. అవి ఎగిరేటప్పుడు రెక్కలు చెదరకుండా రావాలంటే షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు పెట్టాలి.

శుక్రవారం మధ్యాహ్నం ఫోటోల కోసం వెళ్లకండి. నమాజు చేసేవారి ముందుకు లెన్సు తీసుకెళ్లడం తప్పు. ఒకసారి హౌజు (నీటి తొట్టి) అంచున వజూ చేసుకుంటున్న, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుంటున్న ఓ పెద్దాయన చేతుల మీద ఎండ పడింది. ముడతల మధ్య నీటి చుక్కలు మెరుస్తున్నాయి. కెమెరా ఎత్తలేదు. ఆయన లేచాక అడిగాను. నమాజయ్యాక వస్తానన్నారు. వచ్చి, అదే అంచున కూర్చుని చేతులు చాపారు. నా దగ్గరున్న మసీదు ఫోటోలన్నిటిలో నాకు ఇష్టమైనది అదే.