షూటింగుకు ముందే పోస్టర్ ఎందుకు గీయాలి

కాలేజీ ప్రాజెక్టుగా ఎనిమిది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నామని, దానితో పాటు ఒక పోస్టర్, ఒక ట్రైలర్, పత్రికలో వచ్చినట్టుండే ఒక పేజీ సమీక్ష కూడా సమర్పించాలని, ఎడిటింగ్ పూర్తయ్యాక వీటికి ఎన్ని రోజులు కేటాయించాలని మీరు అడిగారు. రోజుల లెక్క చివరలో చెబుతాను. ముందుగా నేను ఆగిపోయింది మీ ప్రశ్నలోని 'ఎడిటింగ్ పూర్తయ్యాక' అన్న మాట దగ్గర. నాలుగేళ్ల క్రితం మేము కూడా అచ్చంగా అలాగే అనుకున్నాం. ప్రచార సామగ్రి అంటే సినిమా తయారయ్యాక దానికి తొడిగే అట్ట అని అప్పుడు నా అభిప్రాయం. అది ఎంత తప్పో ఒకే ఒక సాయంత్రం నాకు తెలిసివచ్చింది కాబట్టి ఆ సాయంత్రం గురించే ఎక్కువగా రాస్తున్నాను.

మాది తొమ్మిది నిమిషాల చిత్రం. వినికిడి తగ్గిన ఒక తాతయ్య, పన్నెండేళ్ల మనవడు, ఒకే ఇల్లు, ఒకే రోజు. తాతయ్యకు చెవికి యంత్రం పెట్టుకోవడం ఇష్టం ఉండదు. చెప్పిందే నాలుగుసార్లు చెప్పవలసి వస్తోందని మనవడు విసుక్కుంటాడు. తాతయ్య పాత్ర వేసినవారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, మేమంతా ఆయనను మాస్టారు అనే పిలిచేవాళ్లం. కెమెరా ముందుకు రావడం ఆయనకు అదే మొదటిసారి. అయినా పాత్ర కోసం రెండు నెలలు గడ్డం పెంచారు, సంభాషణలన్నీ మొదటి రోజుకే కంఠస్థం చేసుకొని వచ్చారు. నాలుగు రోజులు షూటింగ్ జరిగింది. మొదటి రోజున ఒక జూనియర్ స్టిల్స్, అంటే ప్రచారానికి వాడుకునే ఫోటోలు, తీస్తానని సొంత కెమెరా తెచ్చుకుంటే, మనుషులు చాలడం లేదు, అది పక్కన పెట్టి వెలుగును నటుల మీదికి మళ్లించే రిఫ్లెక్టర్ పలక పట్టుకోమని చెప్పింది నేనే. దర్శకుడిగా నేను చేసిన పొరపాట్లలో దీన్ని మించినది లేదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

సమర్పణకు ఆరు రోజులుందనగా ఎడిటింగ్ ముగిసింది. పోస్టర్ బాధ్యతను కూడా మా ఎడిటరే తీసుకుంది. ఫోటోలు ఇవ్వమని ఆమె అడిగితే ఇవ్వడానికి ఒక్కటి కూడా లేదు. వీడియోలోంచి ఒక ఫ్రేమ్ తీసుకుంటే సరిపోతుందని నేను ధీమాగా అన్నాను. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తొమ్మిది నిమిషాలకు 12,960 బొమ్మలు ఉంటాయి, వాటిలో ఒక్కటైనా పనికిరాకుండా పోతుందా అన్నది నా వాదన. ఒక రాత్రంతా కూర్చుని వెదికాం, ఒక్కటీ పనికిరాలేదు. వీడియోను 1/50 సెకను షట్టరుతో తీశాం, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా అంతసేపు వెలుగును తీసుకుంటుంది, ఆలోగా కదిలినదల్లా మసకబారుతుంది. తెర మీద కదలిక సహజంగా కనిపించడానికి తోడ్పడే ఆ మసకే, బొమ్మను ఆపి చూసినప్పుడు వేళ్లనూ పెదవులనూ అలికేసినట్టు చూపిస్తుంది. పైగా మా ఫ్రేమ్ అడ్డంగా ఉంటుంది, పోస్టర్ నిలువుగా ఉండాలి. 1920×1080 పిక్సెళ్ల బొమ్మను పోస్టర్ కొలతకు నిలువుగా కత్తిరిస్తే 764×1080 మాత్రమే మిగులుతుంది. ఏ3 కాగితం కొలత 297×420 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 పిక్సెళ్ల నాణ్యతతో దాన్ని అచ్చువేయాలంటే 3508×4961 పిక్సెళ్లు కావాలి. మా దగ్గరున్న ముక్కను అంత పెద్దది చేస్తే అంగుళానికి దాదాపు 65 వస్తాయి. దూరం నుంచి చూసే గోడ పోస్టరుకు 150 చాలునని సర్దుకున్నా అందులో సగం కూడా కాదు. మేము 4కే లో, అంటే నిలువునా అడ్డంగా రెట్టింపు పిక్సెళ్లతో, తీస్తున్నాం కదా అని మీరు అనవచ్చు. అప్పుడు కూడా అంగుళానికి 130 మాత్రమే వస్తాయి, మసకా అడ్డం ఫ్రేమూ అలాగే ఉంటాయి. నటుడి ముఖం కథలోని ఒక క్షణంలో ఉన్న తీరు వేరు, కథ మొత్తాన్ని మోస్తూ నిలబడవలసిన తీరు వేరు. ఆ రెండోది వీడియోలో దొరకదు.

మర్నాడు కెమెరా పట్టుకొని మాస్టారింటికి వెళ్లాం. ఆయన తలుపు తీయగానే మాకు నోట మాట రాలేదు. నున్నగా గడ్డం గీయించుకొని ఉన్నారు. షూటింగ్ అయిపోయింది కదా అని మరునాడే తీసేశారట. ఆయన తప్పు ఏమీ లేదు, ఉంచమని మేము చెప్పలేదు. మా ముఖాలు చూసి ఆయనే నొచ్చుకొని, మళ్లీ పెంచడానికి ఎన్నాళ్లు పడుతుందోనని లెక్కలు వేయడం మొదలుపెట్టారు. అతికించే గడ్డం తెచ్చి ప్రయత్నించాం. దగ్గరగా చూస్తే జిగురు అంచు స్పష్టంగా తెలిసిపోతోంది. గంటసేపు అలా వృథా అయ్యాక మాస్టారు అలసిపోయి కిటికీ వైపు తిరిగి కుర్చీలో కూలబడ్డారు. మనవడి వేషం వేసిన పిల్లవాడు ఆయన పొరుగింటివాడే. కిటికీ అవతల నిలబడి బడిలో జరిగిన సంగతేదో ఆయనకు చెబుతున్నాడు. మా ఎడిటర్ మాస్టారి వెనుక నేల మీద కూర్చుని ఉంది. ఆమె ఏమీ అనకుండా కెమెరా ఎత్తి తీయడం మొదలుపెట్టింది.

ఆ బొమ్మలో మాస్టారి ముఖం లేదు. వెనుక నుంచి చూసిన చెవి, దాని మీద మా నకిలీ వినికిడి యంత్రం, దాని సన్నని గొట్టం. సాయంకాలపు ఎండ ఎదురుగా పడుతుండడంతో చెవి అంచు లోపలి నుంచి వెలిగినట్టు ఎర్రగా ఉంది. దానికి అవతల, దృష్టి కేంద్రానికి బయట, మాట్లాడుతున్న పిల్లవాడి నోరు మసకగా తెరుచుకొని ఉంది. కెమెరా వెనుక ఉండే చిన్న తెర మీద మేమంతా దాన్ని చూస్తూ చాలాసేపు మాట్లాడుకోలేదు. చివరికి ఆమె అన్నది: "ఈ షాట్ మన సినిమాలో లేదు."

ఆ మాట నిజం. తొమ్మిది నిమిషాల సినిమాలో ఒక్క క్షణం కూడా మేము తాతయ్య వైపు నుంచి లోకాన్ని చూడలేదు, వినలేదు. వినికిడి గురించి సినిమా తీసి, అంతటా మనవడికి వినిపించే శబ్దమే పెట్టాం. స్క్రిప్టు ఎన్నోసార్లు తిరగరాసినప్పుడు గాని, ఎడిటింగ్ బల్ల దగ్గర మూడు వారాలు కూర్చున్నప్పుడు గాని మాకు తట్టని ఈ లోపాన్ని ఒకే ఒక నిలువు బొమ్మ బయటపెట్టింది. సినిమాకు నిమిషాల వ్యవధి ఉంటుంది కాబట్టి విషయం తేలకపోయినా అది నెట్టుకుపోతుంది. సంగీతం కప్పిపుచ్చుతుంది, నటుడు కాపాడతాడు. పోస్టరుకు ఆ వెసులుబాటు లేదు. నీ సినిమా దేని గురించి అని అది సూటిగా అడుగుతుంది.

మాస్టారు అప్పుడు చెప్పిన సంగతి కూడా రాయాలి. వారి అన్నగారికి వినికిడి తగ్గిందట. "మా అన్నయ్యకు మాట వినబడుతుంది, అక్షరం వినబడదు" అన్నారు. వయసు మీద పడినప్పుడు సాధారణంగా ముందుగా తగ్గేది హెచ్చు పౌనఃపున్యాల, అంటే సన్నని కీచు శబ్దాల, వినికిడి. అచ్చుల బలం ఎక్కువగా కింది పౌనఃపున్యాలలో ఉంటుంది కాబట్టి గొంతు వినబడుతూనే ఉంటుంది. స, శ, ఫ వంటి హల్లుల గుర్తింపు పై పౌనఃపున్యాల మీద ఆధారపడుతుంది కాబట్టి మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే గట్టిగా అరిచినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. మా సినిమాలో మనవడు చేసేది ఆ అరవడమే, అది ఎందుకు పనిచేయదో మాకే తెలియదు.

మర్నాడు అదే వేళకు వెళ్లి ఆ కోణంలోనే వీడియో షాట్ తీశాం. వెనుక నుంచి కాబట్టి గడ్డం లేని సంగతి కనిపించలేదు. మూడో దృశ్యంలో గుమ్మం దగ్గర మనవడు అరిచే చోట దాన్ని కలిపి, అక్కడి నుంచి 22 సెకన్ల పాటు సుమారు 1,000 హెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని క్రమక్రమంగా తగ్గించాం. సంగీతం పూర్తిగా తీసేశాం. ప్రదర్శన రోజున ఆ చోటు రాగానే ముందు వరుసలోని ఒక అధ్యాపకులు స్పీకర్ పాడైందనుకొని లేవబోయి, తెర మీద చెవి కనబడగానే మళ్లీ కూర్చున్నారు. మిగిలిన ఎనిమిదిన్నర నిమిషాలలో మేము చేయగలిగినదంతా కలిపినా ఆ 22 సెకన్లకు సాటిరాదు.

అందుకే నేను గట్టిగా చెబుతున్నాను: షూటింగుకు ముందే కాగితం మీద పెన్సిలుతో పోస్టర్ గీయండి. బొమ్మలు వేయడం రాకపోయినా ఫరవాలేదు. ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎటు చూస్తున్నారో, ఖాళీ ఎక్కడ ఉందో తెలిస్తే చాలు. రెండు రోజులు కూర్చున్నా ఆ బొమ్మ తట్టకపోతే మీ స్క్రిప్టు ఇంకా సిద్ధం కాలేదన్నమాట. సమీక్ష పేజీని కూడా అప్పుడే, మీ బృందంలో లేని మనిషి రాసినట్టుగా, ఒకసారి రాసి చూడండి. మేము దాన్ని చివరి రాత్రి రాశాం కాబట్టి 'హృద్యంగా', 'అద్భుతంగా' అన్న విశేషణాలతోనే పేజీ నిండింది. సొంత సినిమా మీద సొంతంగా కుమ్మరించుకునే ఆ పొగడ్తలు నాకు ఇప్పుడు చదవడానికి కూడా బాధగా ఉంటుంది.

ట్రైలర్ విషయంలో విద్యార్థులు చేసే పని నాకు మరీ కష్టం కలిగిస్తుంది. ఎనిమిది నిమిషాల సినిమాకు రెండు నిమిషాల ట్రైలర్ వేస్తే సినిమాలో నాలుగో వంతు ముందే చూపించేసినట్టు. ట్రైలర్ అన్న ఆంగ్ల పదానికి వెనుక వచ్చేది అని అర్థం. తొలినాళ్లలో వాటిని అసలు చిత్రం ముగిశాక చూపేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. మన ట్రైలర్లు ముందు వస్తాయి కాబట్టి ముగింపును దాచవలసిన బాధ్యత మన మీద ఉంది. ముప్పై సెకన్లు చాలు. మేము మా ట్రైలర్ నుంచి తాతయ్య మాటలన్నీ తీసేసి, మనవడి అరుపులు మాత్రమే ఉంచాం.

స్టిల్స్ కోసం ఒక మనిషిని ప్రత్యేకంగా నియమించండి, ఎంత అవసరం వచ్చినా అతని చేత రిఫ్లెక్టర్ పట్టించవద్దు. ప్రతి ముఖ్యమైన షాట్ అయ్యాక నటులను అదే వెలుగులో రెండు నిమిషాలు ఆపి, నిలువుగా, శీర్షికకు పైన చోటు వదిలి తీయమని చెప్పండి. అందరి తలలనూ మేఘాల్లా పేర్చి, పైన చలనచిత్రోత్సవాలలో ఎంపికైనట్టు తెలిపే ఆకుల గుర్తులు అతికించే పోస్టర్లను అనుకరించవద్దు. ఏ ఉత్సవానికీ పంపని సినిమాకు ఆ ఆకుల దండలు పెట్టడం అబద్ధమే. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలో భారతీయ లిపుల అమరికను ఎంచుకోకపోతే తెలుగు ఒత్తులు విడిపోయి అక్షరాల పక్కన పడుతాయి. శీర్షికలో ఒత్తు విరిగిన పోస్టర్‌ను గోడ మీద చూస్తే, భాషను ప్రేమించేవాడికి కలిగే నొప్పి చిన్నది కాదు. తెర మీద వెలుగుతో కనిపించే ముదురు నీలాలు, ఎరుపులు నాలుగు సిరాల అచ్చులో మందగిస్తాయి కాబట్టి ముందు ఒక చిన్న నమూనా అచ్చు తీసి చూడండి. మా చెవి అంచులోని ఎరుపు మొదటి అచ్చులో ఇటుక రంగులోకి మారిపోయింది, రెండోసారి సరిదిద్దుకోవలసి వచ్చింది.

ఇక మీరు అడిగిన రోజుల లెక్క. షూటింగుకు ముందు పోస్టర్ ఊహకు, సమీక్ష చిత్తుకు కలిపి మూడు రోజులు. షూటింగ్ రోజుల్లో అదనంగా ఏమీ అక్కరలేదు, ప్రతి షాట్ దగ్గర ఆ రెండు నిమిషాలు తప్ప. ఎడిటింగ్ అయ్యాక ట్రైలరుకు రెండు రోజులు, పోస్టర్ తుది రూపానికి రెండు రోజులు, అచ్చుకు విడిగా ఒక రోజు. అచ్చు చేతికి వచ్చి మీరు తృప్తి పడేదాకా జుట్టు గాని, గడ్డం గాని మార్చవద్దని మీ నటులను షూటింగ్ మొదలుకాక ముందే అడిగి ఒప్పించండి.