సమాధానం: తాతగారి ‘తీర్’ నౌక యుద్ధ రికార్డుల్లో ఎందుకు దొరకడం లేదంటే

మీ తాతగారి సర్వీసు కాగితంలో ‘తీర్’ అని ఉంది, 1943–45 రికార్డుల్లో మాత్రం ఆ నౌక జాడే లేదన్నారు కదండీ. ఆ పేరుతో దొరకదు. అప్పట్లో అది బ్రిటిష్ నౌకాదళపు ‘బాన్’, రివర్ తరగతి ఫ్రిగేట్ (ఓడలకు కాపలా కాసే యుద్ధనౌక), గుర్తు సంఖ్య కె256. 1945 డిసెంబరులో రాయల్ ఇండియన్ నేవీకి వచ్చాకే ‘తీర్’ అయింది.

ఈ తరగతి నౌకల పని సరకు ఓడల కాన్వాయ్‌లకు కాపలా కాస్తూ జలాంతర్గాములను వేటాడడం. డెప్త్ ఛార్జీలు, అంటే నీటి లోతులో పేలే బాంబులు, వదలాలంటే జలాంతర్గామి మీదుగా వెళ్లాలి, సరిగ్గా అప్పుడే అది సోనార్‌కు (ధ్వని తరంగాలతో నీటి అడుగున ఉన్నవాటిని పసిగట్టే పరికరం) అందకుండా పోయేది. అందుకే హెడ్జ్‌హాగ్ అనే ఆయుధం పెట్టారు. అది 24 బాంబులను నౌకకు ముందువైపు విసిరేది, తగిలితేనే అవి పేలేవి. పేలుడు వినిపించిందంటే దెబ్బ తగిలినట్టే! ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు గగుర్పొడిచే సంగతి ఇది.

ముందు తాతగారు ఆ నౌకలో చేరిన తేదీ చూడండి. 1945 డిసెంబరు తర్వాతైతే, ఈ నౌక మీద ఆయన యుద్ధం చూసి ఉండరు. స్వాతంత్ర్యం వచ్చాక ‘తీర్’ క్యాడెట్ల శిక్షణ నౌక అయింది. యుద్ధకాలపు సంగతులకైతే లండన్ నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగులో ‘బాన్’ పేరుతో వెతకండి. కాన్వాయ్ నివేదికలు ఏడీఎం 199 అనే నౌకాదళ ఫైళ్ల వరసలో ఉంటాయి.