ఎత్తు ఎక్కేటప్పుడు గేరు మారకపోతే ముందు హ్యాంగర్ చూడండి

"21 గేర్ల సైకిల్. చదును రోడ్డు మీద గేర్లు బాగానే మారతాయి, కైలాసగిరి ఎక్కేటప్పుడు మాత్రం చైన్ టకటకమని దూకుతోంది. షాపులో డెరైలర్ మార్చమంటున్నారు, మార్చాలా?" అని ఒకరు అడిగారు. వద్దండీ. డెరైలర్ అంటే వెనక చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదకి జరిపే భాగం; గట్టి దెబ్బ తగిలితే తప్ప అది అంత తేలిగ్గా పాడవదు. పదింట తొమ్మిదిసార్లు తప్పు దాన్ని లాగే కేబుల్‌లో ఉంటుంది, లేదా డెరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న రేకులో ఉంటుంది. ఆ రేకునే హ్యాంగర్ అంటారు.

మా మేనల్లుడు అరకు వెళ్దామని హైదరాబాద్ నుంచి సైకిల్ రైల్లో వేసుకొచ్చాడు. బయల్దేరే ముందురోజు ఇక్కడే విశాఖలో ఒక షాపులో గేర్లు సెట్ చేయించాడు. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా ఏ ఇబ్బందీ లేదు. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక మొదలైంది గొడవ. తేలిక గేరుకి నొక్కితే చైన్ ఎక్కదు, ఎక్కినా నిలవదు. ఒక మలుపు దగ్గర చైన్ వెనకున్న పళ్ల చక్రాల్లో అన్నిటికన్నా పెద్దదాని మీదకి వెళ్లేసరికి డెరైలర్ స్పోకులకి తగిలి టిక్కుటిక్కుమంటోంది. "నిన్ననే కదా మావయ్యా సెట్ చేయించింది!" అంటాడు వాడు. అలాగే తొక్కితే డెరైలర్ చక్రంలో ఇరుక్కుని స్పోకులు కూడా తెగేవి.

ఆపించి, వెనక గొంతుక్కూర్చుని చూశాను. డెరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్ల చక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. వాడి సైకిల్‌కి కింది చక్రం స్పోకుల వైపు ఒరిగిపోయి ఉంది. రైల్లో కుడివైపు పడుకోబెట్టి దాని మీద సామాన్లు పడేసి ఉంటారు. డెరైలర్‌ని హ్యాంగర్‌కి బిగించే బోల్టులో 5 మిల్లీమీటర్ల అలెన్ కీ (ఆరు పలకల కీ) దూర్చి, రెండో చేత్తో డెరైలర్ పట్టుకుని మెల్లగా బయటికి లాగాను. ఇనుప హ్యాంగర్ కాబట్టి చక్కగా దారికొచ్చింది. టైడా, అనంతగిరి దాటి గాలికొండ దాకా చైన్ మళ్లీ దూకలేదు. మీది అల్యూమినియం హ్యాంగర్ అయితే పదేపదే వంచకండి, విరిగిపోతుంది. కొత్తది విడిగా దొరుకుతుంది, డెరైలర్ కన్నా చాలా చవక.

షాపువాళ్ల మీద నాకున్న కోపం ఇదే. సైకిల్ చేతికివ్వగానే స్క్రూడ్రైవర్ తీసి డెరైలర్ మీదున్న రెండు స్క్రూలు తిప్పేస్తారు. చైన్ ఈ చివరా ఆ చివరా హద్దు దాటకుండా ఆపడమే ఆ స్క్రూల పని. మధ్య గేర్లు సరిగ్గా పడకపోవడానికీ వాటికీ సంబంధం లేదు. పైగా అమ్మేటప్పుడు 21 గేర్లు, 24 గేర్లు అని ఊదరగొడతారు గానీ, గేరు ఎప్పుడు మార్చాలో ఒక్క ముక్క చెప్పి పంపరు.

ఎత్తులోనే ఎందుకు దూకుతుందంటే, చైన్ పెడల్స్ దగ్గరున్న 28 పళ్ల చిన్న రింగు మీద ఉన్నప్పుడు, పెడల్ మీద వేసిన బరువు చైన్ దగ్గరకొచ్చేసరికి దాదాపు మూడింతలవుతుంది. అంత లాగుడులో చైన్ పక్క చక్రం మీదకి ఎక్కాలంటే కష్టమే. అందుకే ఎత్తు మొదలవకముందే తేలిక గేరుకి రండి. మధ్యలో మార్చాల్సొస్తే ఒక్క చుట్టు పాదం బరువు తగ్గించి తొక్కుతూ మార్చండి. రెండో సంగతి, వెనకున్న పెద్ద చక్రం మీదకి చైన్‌ని లాగేది కేబులే. అది కాస్త వదులైతే ముందు దెబ్బతినేది మీకు కొండ మీద కావాల్సిన ఆ తేలిక గేర్లే. షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట) దగ్గరో డెరైలర్ దగ్గరో కేబుల్ దూరేచోట చేత్తో తిప్పే చిన్న మర ఉంటుంది. దాన్ని కేబుల్ బిగిసే వైపు పావు చుట్టు తిప్పి, తొక్కి చూసి, చాలకపోతే ఇంకో పావు తిప్పండి. మన విశాఖ ఉప్పుగాలికి కేబుల్ లోపల తుప్పు పట్టి ఉంటే ఎంత తిప్పినా లాభం లేదు. కేబుల్, దాని గొట్టం రెండూ మార్పించండి.

గేరు మార్చకుండానే, గట్టిగా తొక్కినప్పుడల్లా ఒకే చక్రం మీద దూకుతుంటే అది చైన్ అరుగుదల. స్కేలుతో చైన్‌లో ఒక పిన్ను నుంచి, దాన్ని లెక్కపెట్టకుండా, దాని తర్వాత వచ్చే 24వ పిన్ను దాకా కొలవండి. కొత్త చైన్‌కి సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే చైన్ మార్చాల్సిందే.

ఇక రైల్లో గానీ కారులో గానీ సైకిల్ వేస్తే ఎడమవైపే పడుకోబెట్టమని లోడ్ చేసేవాళ్లకి దగ్గరుండి చెప్పండి.